ఆయ్ అంటే అవునని కాదు

మా తాతగారు వేదం చెప్పేవారు. మా నాన్నగారు లెక్కలు చెప్పేవారు. నేను కుర్చీలు గుండ్రంగా వేయిస్తాను. ముగ్గురిదీ బోధనావృత్తే అని మా అమ్మ చుట్టాలకు చెబుతుంది గాని, మూడోదాని దగ్గరకు వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గిస్తుంది.

నా ఉద్యోగం ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం. దాని పేరు సామాజిక, భావోద్వేగ అభ్యసన. ఆ పేరు తడబడకుండా పలకడానికే ముందు ఒక పూట శిక్షణ పెట్టాలి. సారాంశం మాత్రం చిన్నదే. పిల్లలకు కోపం, భయం, ఏడుపు సిలబస్‌లో లేకపోయినా వస్తాయని మాస్టార్లకు గుర్తు చేయడం. బడిలో తగువు వచ్చినప్పుడు తప్పెవరిదో తేల్చి బెంచీ ఎక్కించే బదులు, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఏం జరిగింది, ఎవరికి నొప్పి కలిగింది, దాన్ని ఎలా బాగుచేద్దాం అని అడగడం. ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా నాన్నగారు పేపరు దించి, "అంటే పంచాయతీ" అన్నారు.

"కాదండి. పంచాయతీలో తీర్పు ఉంటుంది. ఇందులో ఉండదు."

"తీర్పు లేని పంచాయతీకి జీతం కూడా ఇస్తన్నారా?" అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. ఆయనకు భావోద్వేగం వచ్చినప్పుడల్లా పేపరు ఎత్తుకుంటారు. మా ఇంట్లో పేపరు ఎక్కువగా చదివినట్టు కనిపించేది అందుకే.

ఆ వారం శిక్షణ అమలాపురంలో. చుట్టుపక్కల మండలాల నుంచి మాస్టార్లు, మేడమ్‌లు వచ్చారు. కుర్చీలు గుండ్రంగా వేయగానే అందరి ముఖాల్లోనూ ఒకటే దిగులు. ముందు బల్ల లేకపోతే మాస్టారుకు కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఫోను ఎక్కడ దాచుకోవాలో అసలే తెలియదు. మా శిక్షణకు వాళ్ళు అప్పటికే ఒక పేరు పెట్టుకున్నారని కాఫీల దగ్గర విన్నాను. ఏడుపు ట్రైనింగట. అధికారిక పేరు కంటే ఎంతో నయం. నేనే వాడుకుందామనుకున్నాను.

గుండ్రంగా కూర్చున్నాక ఒక వస్తువు చేతులు మారుతూ తిరగాలి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగిలినవాళ్ళు వినాలి. దానికోసం మాకు మెత్తటి గుడ్డ బంతి ఒకటి ఇచ్చారు. అది ముందటి శిక్షణలోనే ఎవరి పిల్లాడి కోసమో సంచీలో పడి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి కావాలి. కిటికీలో, ప్రారంభోత్సవానికి తెచ్చి కొట్టడం మరిచిపోయిన కొబ్బరికాయ కనబడింది. అదే తిప్పాను.

కోనసీమలో మాస్టారి చేతికి కొబ్బరికాయ ఇచ్చి మనసులో మాట చెప్పమనడం ఎంత తెలివితక్కువతనమో మొదటాయన చేతిలో పెట్టగానే అర్థమైంది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"నీళ్ళు తక్కువండి."

పక్కాయన అందుకుని తిప్పి తిప్పి చూశారు. "ఇది మన వైపు కాయ కాదండి. పీచు తీసిన పద్ధతి చూడండి, ఎంత అన్యాయంగా తీసేడో." ఆయనకు ఆత్రేయపురం దగ్గర తోట ఉంది. ఆ అన్యాయం గురించి ఆయన మాట్లాడినంత సేపు ఆ గదిలో ఎవరూ దేని గురించీ అంత మనసువిప్పి మాట్లాడలేదు. ఒక లెక్కన శిక్షణ విజయవంతం.

మర్నాడు మధ్యాహ్నం, భోజనాల తరవాత అందరి కళ్ళూ బరువెక్కే వేళ, మీ బడిలో ఈమధ్య జరిగిన గొడవ ఒకటి, మీరు దాన్ని ఎలా పరిష్కరించారో చెప్పండి అన్నాను. సోషల్ మాస్టారు ఒకాయన వెంటనే చెయ్యి ఎత్తారు. కడప వైపు మనిషి. సముద్రం దిక్కున ఉన్న ఒక హైస్కూలుకు కొత్తగా వచ్చారు. సోషల్ చెబుతారు కాబట్టి సామాజిక శిక్షణలో సగం వచ్చేసినట్టేనని హెడ్మాస్టరు గారు ఆయన్ని పంపించారట. కొబ్బరికాయ ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టారు.

"నేను క్లాసులోకి పోయేసరికి బోర్డు మీద మీసాల బొమ్మ ఒకటి గీసి, కింద 'యాడికి పోతాండావు అబ్బీ' అని రాసిండారు సార్. అంటే నన్నే. నేను మాట్లాడేది అట్లే కదా. పిల్లోళ్ళు ఒకటే నవ్వు. బోర్డు కాడ తొమ్మిదో తరగతి పాప ఒకత్తి నిలబడుకొని ఉండాది. చేతుల నిండా సుద్దపొడి. కొట్టలేదు సార్, తిట్టలేదు. మర్యాదగా అడిగినా. నువ్వేనా రాసింది అని. ఒక్క మాటతో ఒప్పుకునింది."

"ఏమందండి?"

"ఆయ్ అనింది."

గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి ఆయనకేసి చూశారు. అంతవరకు కునుకు తీస్తున్న తోట మాస్టారు కూడా కళ్ళు తెరిచి చూశారు. ఆయన మాత్రం గమనించలేదు.

"సిగ్గు లేదా అని అడిగినా. దానికీ ఆయ్ అనింది. రేపు మీ నాయన్ని పిల్చుకొని రా, అంతవరకు నా క్లాసుకు రావొద్దు అన్నా. దానికీ ఆయ్ అనింది. ఇంత మర్యాదగా తప్పు ఒప్పుకునే పాపను నేను యాడా చూల్లేదు సార్."

అదే బడి నుంచి వచ్చిన తెలుగు మేడంగారు ఆయనకు ఎదురుగా కూర్చుని ఉన్నారు. పెద్దావిడ, ఆ ఊరి కోడలు. ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టుకున్నారు.

"మాస్టారూ, ఆ ఆయ్ ఎలా అందండి? ఒకసారి అనండి."

ఆయన అన్నారు. ఆయన అన్నదాన్నిబట్టి చూస్తే ఆ పిల్ల తప్పు ఒప్పుకున్నట్టూ ఉంది, ఎవరో కాలు తొక్కినట్టూ ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఆయ్ అంటే అవునని కాదు. అవును కాదని కూడా కాదు. పిలిస్తే ఆయ్ అంటాం, అంటే వింటున్నానండి అని. అర్థం కాకపోతే చివర కొంచెం పైకెత్తి ఆయ్ అంటాం, అంటే ఏమన్నారండి అని. అవతలివాళ్ళు కోతలు కోస్తుంటే సాగదీసి ఆయ్ అంటాం. పెద్దవాళ్ళు తిడుతుంటే మధ్యమధ్యలో వరసగా అంటాం. అది ఒప్పుకోవడం కాదు, వర్షంలో గొడుగు పట్టుకోవడం లాంటిది. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం, ఒక్క స్వరం తప్పితే అర్థమే మారిపోతుందిరా అని మా తాతగారు నా చిన్నప్పుడు మొత్తుకునేవారు. వేదం విషయంలో నేనంతగా పట్టించుకోలేదు. ఆయ్ విషయంలో ఆ మధ్యాహ్నం నమ్మకం కుదిరింది.

"ఆ పిల్ల మిమ్మల్ని 'ఏంటండీ' అని అడిగిందండి మాస్టారూ," అన్నారు తెలుగు మేడంగారు. "మీరు శిక్ష వేసేసేరు."

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మీరీ మాట చెప్పకపోతే నాకూ తెలిసేది కాదండి. ఆ పిల్ల అప్పట్నుంచీ బడికి రావట్లేదు. వాళ్ళ నాన్న వేటకెళ్ళేడు, బోటు ఎప్పుడొస్తదో తెలీదు. ఎవర్ని తెస్తదండి? వాళ్ళమ్మ నిన్న సంతలో కనబడింది. రేపు పొద్దున్న పిల్లని రాజోలు వైపు పిన్ని గారింటికి పంపించేస్తందంట. అక్కడ చంటిపిల్లని ఆడిస్తదంట. 'బడెందుకు మానిపించేవమ్మా' అంటే, 'మాస్టారే రావొద్దన్నారండి' అంది."

"నేను బడికి రావొద్దు అనలేదే. నా క్లాసుకు రావొద్దు అన్నా."

"ఆ ముక్క ఆవిడికెవరు చెప్తారండి?"

ఆయన లేచి నిలబడ్డారు. కొబ్బరికాయ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు. నియమం ప్రకారం కాయ చేతిలో ఉన్నంత సేపూ ఆయనే మాట్లాడాలి. ఆయన నోట మాట రాలేదు. మా ఎవరి దగ్గరా కాయ లేదు కాబట్టి మేమూ మాట్లాడలేదు.

చివరికి, "ఇప్పుడు పోదామా సార్?" అన్నారు నాకేసి చూసి.

మా శిక్షణ పుస్తకం ప్రకారం ఇటువంటి ఇంటి సందర్శనకు ముందు రెండు పక్షాలతో విడివిడిగా మాట్లాడాలి, సంసిద్ధత చూడాలి, అనువైన తటస్థ స్థలం ఎంచుకోవాలి. పిన్నిగారింటికి వెళ్ళే ఆటోకు ఇవేవీ తెలియవు. తెలుగు మేడంగారు ఆ తల్లికి ఫోను చేసి మేం వస్తున్నామని చెప్పారు. సాయంత్రం క్లాసు అవగానే సోషల్ మాస్టారి బండి మీద ఆయనా నేనూ ఓడలరేవు దారి పట్టాం.

దారిపొడవునా రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు. ఆ ఇంటి గుమ్మంలో చెప్పాల్సిన మొదటి వాక్యం నేను వెనక కూర్చుని నేర్చుకుంటున్నాను. చాలా గంభీరమైన వాక్యం. సగంలో ఏదో పురుగు నోట్లోకి వెళ్ళింది. మిగతా సగం ఇప్పటికీ గుర్తు లేదు.

ఒక కల్వర్టు దగ్గర ఆయన బండి ఆపారు.

"ఒక మాట సార్. నేను ఈడికొచ్చినప్పట్నుంచి నోరు తెరిస్తే చాలు, నవ్వుతారు. హోటల్లో కొంచెం చెట్నీ ఎయ్‌ప్పా అంటే వాడు లోపలికి పోయి ఇంకొకణ్ణి పిల్చుకొచ్చినాడు, మళ్ళా అనమని. పాలు పోసే ఆయమ్మ కూడా నా మాటలు అనుకరిస్తాది. సరే, ప్రేమగానే అంటారు అనుకున్నా. బోర్డు మీద కూడా చూసేసరికి... ఎవరో ఒకరు దొరికితే చాలు అనిపించింది సార్. ఆ పాప దొరికింది."

నాకు జోకు దొరకలేదు. వెతికాను గాని దొరకలేదు. "ఇది ఇక్కడ కాదండి, అక్కడ చెప్పండి," అన్నాను. శిక్షకుడిగా ఆ వారంలో నేనన్న పనికొచ్చే మాట అదొక్కటే అనుకుంటాను.

ఇల్లు పల్లిపాలెంలో. గుమ్మం పక్కన వలలు ఆరేసి ఉన్నాయి. వసారాలో కట్టిన సంచీ ఒకటి, దానిమీద మడతపెట్టిన దుప్పటి. సంచీ చూడగానే ఆయన కాలు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తల్లి ఎదురొచ్చింది.

"రండి మాస్టారండి. కుర్చీలెయ్యవే. అయ్యో, కాయ తెచ్చేరేంటండి? గుడికెళ్ళొస్తన్నారా?"

అప్పుడు చూసుకున్నాం. కొబ్బరికాయ ఆయన సంచీలోంచి బయటికి వచ్చి చేతిలో ఉంది. ఎందుకు తెచ్చారో ఆయనకూ తెలియదు. "ఊరికే అమ్మా," అని ఆవిడ చేతిలో పెట్టారు. ఊరికే కొబ్బరికాయ ఇచ్చేవాణ్ణి ఆవిడ జీవితంలో మొదటిసారి చూసి ఉంటుంది. పాలెంలో అందరి ఇళ్ళలోనూ కాయలే.

మర్యాద అంటే మా వైపు మర్యాదే. ఆవిడ టీ ఇచ్చింది, విసనకర్ర ఇచ్చింది, కోపం ఉందో లేదో మాత్రం తెలియనివ్వలేదు.

"మా పిల్ల తప్పు చేసిందన్నారు కదండి. ఒప్పుకుంది కదండి. మేమెందుకు కాదంటామండి? చదువు అందరికీ అబ్బదండి."

పిల్ల గుమ్మానికి ఆనుకుని నేలకేసి చూస్తోంది. సోషల్ మాస్టారు ముందుకు వంగారు.

"పాపా, ఆ పొద్దు బోర్డు మీద నువ్వు..."

ఆయన ప్రశ్న ఎటు పోతోందో నాకు అర్థమైంది. నువ్వు రాశావా, రాయలేదా? దానికి ఆ పిల్ల ఏమంటుందో కూడా తెలుసు. ఆయన మోకాలు నొక్కాను. ఆయన ఆగారు. ఆగి, రెండు రోజులుగా నేను అందరిచేతా వల్లె వేయిస్తున్న మాట వెతుక్కున్నారు.

"ఆ పొద్దు ఏం జరిగింది?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న మీద నాకే పెద్ద గౌరవం ఉండేది కాదు. ఎక్కడో పై నుంచి వచ్చింది, అనువదించాం, గోడకు అంటించాం. అవునా కాదా అని అడిగితే మా కోనసీమలో ఒకటే జవాబు వస్తుందనీ, ఏం జరిగింది అని అడిగితే ఆయ్ అని తప్పించుకోవడానికి వీల్లేదనీ అప్పుడే తట్టింది. ఆ ప్రశ్న మాకోసమే పుట్టినట్టుంది.

తల్లి "చెప్పవే" అంది. మా గాభరా తగ్గించడానికి నేను టీ తాగుతున్నట్టు నటించాను. కప్పు ఎప్పుడో ఖాళీ అయింది.

"తుడుస్తన్నానండి," అంది పిల్ల చివరికి.

"ఏమి?"

"బోర్డు తుడుస్తన్నానండి. మీరొచ్చే లోపల తుడిచేద్దామని. మీరు చూస్తే బాధపడతారని. మీరు తొందరగా వచ్చేసేరండి."

డస్టరు పట్టుకున్న చేతికి కూడా సుద్దపొడే అంటుతుంది. అంత చిన్న సంగతి శిక్షణ గది నిండా కూర్చున్న మాకెవ్వరికీ తట్టలేదు. ఆయన తన చేతులకేసి చూసుకున్నారు.

"మరి అప్పుడే చెప్పొచ్చు గదమ్మా, నేను కాదు సార్ అని?"

పిల్ల తల్లికేసి చూసింది. తల్లే చెప్పింది. "పెద్దోళ్ళు మాట్లాడుతుంటే ఎదురు చెప్పకూడదు, ఆయ్ అనాలని నేనే నేర్పేనండి."

ఆ తరవాత సోషల్ మాస్టారు క్షమాపణ చెప్పారు. పూర్తిగా కడప భాషలో చెప్పారు, చాలా వేగంగా చెప్పారు. హోటలు చెట్నీ కూడా అందులో వచ్చింది. తల్లి శ్రద్ధగా విని నావైపు తిరిగింది.

"ఏమంటన్నారండి బాబుగారూ?"

తెలుగు నుంచి తెలుగులోకి అనువాదం చేశాను. తప్పు తనదేనట. పిల్ల తనకు మేలు చేయబోతే తాను నొప్పించారట. ఈ ఊళ్ళో అందరూ నవ్వుతుంటే మనసు కష్టపెట్టుకుని ఉన్నారట, ఆ కోపం ఈ పిల్ల మీద పడిందట. పిల్ల బడికి రావాలట.

ఆవిడ ఆయనకేసి చూసింది. "అయ్యో, మాస్టారండీ. అంత దూరం నుంచొచ్చి ఒక్కరే ఉంటన్నారా?" అంది. అని లోపలికి వెళ్ళి, ఆ కొబ్బరికాయ కొట్టి, ముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. నీళ్ళు నిజంగానే తక్కువ. మొదటి మాస్టారు కరెక్టుగానే చెప్పారు.

ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళి ఫోను చేయడం వినబడింది. "ఆయ్... రేపొద్దండి ఆటో. ఆయ్... పిల్ల బడికెల్తది." ఆ ఆయ్‌లలో ఏ స్వరం ఎక్కడుందో నాకు పక్కాగా తెలుసు. బయటికి వచ్చాక సోషల్ మాస్టారు బండి తాళం తిప్పడం మరిచిపోయి చాలాసేపు కిక్కు కొట్టారు. నేను చెప్పలేదు. ఆయన ఆనందంగా ఉన్నారు, కొట్టనీ అనుకున్నాను.

తరవాతి సోమవారం ఆ తొమ్మిదో తరగతిలో బెంచీలు గోడకు జరిపి పిల్లలందరినీ నేలమీద గుండ్రంగా కూర్చోబెట్టాం. తెలుగు మేడంగారు కూడా వచ్చి కూర్చున్నారు. పిల్ల యూనిఫాంలో వచ్చింది. ఈసారి కొబ్బరికాయ వద్దని డస్టరే తిప్పాం. సోషల్ మాస్టారు ముందు తన చేతిలోకి తీసుకున్నారు. ఆ మాటలు చూసి తనకెలా అనిపించిందో చెప్పారు, ఆ పిల్లకు అందరిముందూ తప్పయిపోయిందమ్మా అని చెప్పారు. ఎవరు రాశారు అని అడగలేదు. ఏం జరిగింది అని అడిగారు.

మొదటి చుట్టులో డస్టరు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పరుగెత్తింది. రెండో చుట్టులో ఒకడు, "మీసాలు నావండి," అన్నాడు.

"అక్షరాలు నేనండి," అంది వెనక నుంచి ఒకమ్మాయి. "యాడికి వరకేనండి."

"మిగతాది నేనండి," అన్నాడు పక్కవాడు.

ఇంతలో డస్టరు లాక్కుని మరొకడు, "దీర్ఘం నాదండి. వీళ్ళు అబ్బి అని రాసేరు. తప్పని నేను సరిచేసేను," అన్నాడు. తెలుగు మేడంగారు ఆ క్షణంలో కోప్పడాలో గర్వపడాలో తేల్చుకోలేక కిటికీలోంచి బయటికి చూశారు.

వాళ్ళు సారీ చెప్పారు. మేం సరదాకన్నామండి, మీరు బాధపడతారని తెలీదండి అన్నారు. సరదాకే అన్నారు, అది నిజమే. ఆయన బాధపడ్డారు, అదీ నిజమే. మా పంచాయతీలో తీర్పు లేకపోవడంలో ఉన్న సుఖం అదే. రెండూ పక్కపక్కన కూర్చోవచ్చు.

డస్టరు ఆ పిల్ల దగ్గరికి వచ్చింది. సోషల్ మాస్టారు, "నన్ను క్షమిస్తా..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, ప్రశ్న మార్చారు. "నేనేం చేస్తే నీకు బాగుంటాదమ్మా?"

నేను లోలోపల సిద్ధమయ్యాను. ఇటువంటి చోట పిల్లలు గొప్ప మాటలు అంటారని, వింటే కళ్ళు చెమరుస్తాయని మాకు శిక్షణలో చెప్పారు. జేబురుమాలు ఎక్కడుందో చూసుకున్నాను.

పిల్ల డస్టరు అటూ ఇటూ తిప్పింది.

"ఫ్యాను కింద నా చోటు వీడు తీసేసుకున్నాడండి. అది ఇప్పించండి."

చోటు అక్కడికక్కడే ఇప్పించారు. జేబురుమాలు మడత విప్పకుండానే లోపలికి వెళ్ళిపోయింది. "ఇంకేమన్నా ఉందా అమ్మా?" అని మాస్టారు అడిగితే లేదంది. "రేపట్నుంచి నేను తప్పు మాట్లాడితే నాకు చెప్పాల. ఎదురు చెప్పడం కాదది. సరేనా?" అన్నారాయన.

"ఆయ్," అంది పిల్ల.

ఆయన చెవి అటు పెట్టారు. "ఇది ఏ ఆయ్?"

క్లాసంతా నవ్వింది, పిల్ల కూడా నవ్వింది. "ఇది సరేనండి అని అండి."

"అట్లనా. ఆయ్," అన్నారాయన. ఎవరో కాలు తొక్కినట్టే ఉంది.

"అలా కాదండి. కొంచెం కిందకి దింపాలండి. ఆయ్."

"ఆయ్."

"చివర్లో నొక్కకూడదండి. ఆయ్."

ఆయన మళ్ళీ అన్నారు. పిల్ల ఒకసారి అనడం, ఆయన తలొంచి దాన్నే తిరిగి అనడం. మా ఇంటి అరుగు మీద తాతగారు కుర్రాళ్ళకు వేదం సంత చెబుతుంటే ఇలాగే వినబడేది. పీరియడు బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. స్వరం ఇంకా కుదరలేదు మరి.